రెండు దగ్గర ఆపకూడదు

కొడగు కొండలమీద సెప్టెంబరు మొదటి వారానికి వాన అలసిపోతుంది. పూర్తిగా ఆగదు, ఆగుతూ, మళ్ళీ గుర్తుకు వచ్చినట్టు నాలుగు చినుకులు రాల్చి వెళ్తుంది. వరినాట్లు అయిపోయి, లోయల్లోని మళ్ళు పచ్చగా తేరుకుంటూ వుంటాయి. కాఫీతోటల్లో చెట్లనుండి నీళ్ళు ఇంకా కారుతూనే వుంటాయి. అటువంటి ఒక ఆదివారం ఉదయం, విరాజపేట తాలూకాలోని ఒక పల్లెలో, డెబ్బై తొమ్మిదేళ్ళ పెద్దమనిషి ఒకాయన పూజగదిలోనుండి తన తుపాకిని బయటకు తెచ్చి వసారాలోని బల్లమీద పడుకోబెట్టాడు. దాని మూతిలో గుచ్చిన పువ్వు అప్పటికే వాడిపోయి వున్నది. తెలుగువారు అగ్నిశిఖ అనీ, అడవినాభి అనీ పిలిచే పువ్వు అది. ఎరుపు, పసుపు కలిసిన దాని రేకులు మంటలాగా పైకి లేచి వుంటాయి. కొడవలు దానిని తుపాకి పువ్వు అంటారు.

పండుగ అయిపోయి మూడు రోజులయింది. కైల్‌పోళ్ద్ అని కొడవలు పిలుచుకునే ఆయుధాల పండుగ ఎక్కువచోట్ల సెప్టెంబరు 3న వస్తుంది. నాట్ల పని ముగిసిన తరువాత కత్తినీ, కొడవలినీ, తుపాకినీ ఒకచోట చేర్చి పూజ చేసి, ఆపైన వాటిని మళ్ళీ చేతికి తీసుకునే రోజు అది. తెలుగునాట విజయదశమినాడు పనిముట్లకు బొట్టుపెట్టి దణ్ణం పెట్టుకోవడంవంటిదే. ఆనాడు ఊళ్ళో పందెం జరుగుతుంది. ఎత్తయిన చెట్టుకు టెంకాయ కట్టి గురి చూసి కొడతారు. జనం గుమిగూడతారు, ఈలలు వేస్తారు, ఓడినవాణ్ణి ఏడిపిస్తారు. పెద్దాయనకు ఆ సందడి ఇప్పుడు పడదు. ఆయన తుపాకికి వేరే రోజు కావాలి. ఎవరూ లెక్కపెట్టని రోజు.

ఈసారి ఆయనకు తోడుగా మనవరాలు వున్నది. బెంగుళూరులో ఒక కంపెనీ జమాఖర్చులు చూసే ఉద్యోగం ఆమెది. వయసు ఇరవై మూడు. పండుగకు వచ్చి, నాలుగు రోజులు సెలవు పొడిగించుకున్నది. మూడవ మనిషి పొరుగింటి మాష్టారు. బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాడు, పెద్దాయనకు చిన్ననాటి స్నేహితుడు.

ఇంటివెనుక పొలంగట్టు దాటి వెళితే ఒక మట్టిగుట్ట వుంటుంది. దానికి ఎదురుగా నలభై గజాల దూరంలో పనసచెట్టు. ఆ చెట్టుకింద బల్ల వేశారు. గుట్టకు ఆనుకుని పాతిన వెదురుబొంగుకు టెంకాయ కట్టారు. గురి తప్పిన గుండు మట్టిలో దిగబడాలిగాని అవతలికి పోకూడదు. పెద్దాయన మొదట వెళ్ళి గుట్ట వెనుకవైపు చూసివచ్చాడు. పశువులు కాసే కుర్రవాడు ఎవడైనా వున్నాడేమోనని పేరులేని కేక ఒకటి వేశాడు. జవాబు రాలేదు. తిరిగివచ్చి కూర్చున్నాడు.

అది ఒంటిగొట్టం తుపాకి. మూతినుండి మందు కూరి పేల్చవలసిన పాత రకం. మన దేశపు లైసెన్సు కాగితాలలో ఇటువంటివాటిని ఎస్.బి.ఎం.ఎల్. అని నాలుగు అక్షరాలలో రాస్తారు. ఆంధ్రదేశంలో అటువంటి తుపాకి అనగానే అడవిలో దొంగచాటుగా తిరిగే నాటు తుపాకి గుర్తుకు వస్తుంది. కొడగులో దాని స్థానం వేరు. 1834లో ఆంగ్లేయులు ఆఖరి రాజు చిక్కవీర రాజేంద్రుణ్ణి పదవినుండి దించి ఈ చిన్న రాజ్యాన్ని కలుపుకున్నారు. 1857 తిరుగుబాటు తరువాత దేశమంతటా ప్రజల చేతులలోని ఆయుధాలు లాగివేస్తున్న రోజులలో, 1861లో, కొడవలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1878 ఆయుధ చట్టం వచ్చినా, స్వతంత్ర భారతంలో 1959 చట్టం వచ్చినా ఆ మినహాయింపు ఏదో ఒక రూపంలో నిలిచింది. దానిని ప్రశ్నిస్తూ వేసిన వ్యాజ్యాన్ని కర్ణాటక ఉన్నత న్యాయస్థానం 2021లో కొట్టివేసింది. కేంద్ర ప్రభుత్వం 2019లో ఇచ్చిన ప్రకటన ప్రకారం అది 2029 అక్టోబరు దాకా చెల్లుతుంది. ఈ దేశపు మొదటి భారతీయ సర్వసేనాధిపతి కరియప్ప పుట్టిన నేల ఇది. ఇక్కడ తుపాకి ఇంటి మనుషులలో ఒకటి. దేవుడి దీపం వెలిగే ఇంట్లోనే దానికీ చోటు.

"నువ్వే కూరు," అన్నాడు పెద్దాయన మనవరాలితో. "నేను చూస్తాను."

చూడటానికి ఆయన పాత చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టుకున్నాడు. ఆమె దానిని గమనించిందిగాని ఏమీ అడగలేదు.

మూతినుండి కూరే తుపాకికి తొందర తెలియదు. ముందు గొట్టం పొడిగా వున్నదో లేదో చూడాలి. గజం అని పాతకాలపు సిపాయిలు పిలిచిన పొడుగాటి కడ్డీకి గుడ్డపీలిక చుట్టి లోపల తిప్పాలి. తరువాత మందు. కన్నడంలో మద్దు అన్నా తెలుగులో మందు అన్నా, రోగికి పోసేదీ తుపాకికి పోసేదీ ఒకటే మాట. రెండింటికీ కొలత తప్పితే ప్రాణంమీదికి వస్తుంది. తుపాకి మందులో నూటికి 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం వుంటాయి. ఒకప్పుడు బీహారు మట్టినుండి తీసిన సురేకారం కోసమే ఐరోపా కంపెనీలు మన దేశంలో పోటీలు పడ్డాయి. మందును బుడ్డిలోనుండి నేరుగా గొట్టంలోకి వంచకూడదు. గొట్టంలో నిప్పురవ్వ ఏదైనా మిగిలివుంటే బుడ్డి అంతా చేతిలో పేలిపోతుంది. అందుకని చిన్న కొలతగొట్టంలోకి వంచి, మూత బిగించి, బుడ్డిని దూరంగా పెట్టి, అప్పుడు కొలతలోనిది పోయాలి. ఆపైన కొబ్బరిపీచు ఉండ. దానిమీద గుండు. గుండు కదలకుండా మరొక ఉండ. ఒక్కొక్కదానినీ గజంతో నెమ్మదిగా, గట్టిగా అదమాలి. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ మిగిలితే గొట్టం చీలిపోయే ప్రమాదం వున్నది.

చివరగా తుపాకి గుర్రాన్ని సగం వెనక్కి లాగి, దాని కింద వున్న మొనకు రాగి టోపీ తొడగాలి. చిటికెన వేలి గోరంత వుండే ఆ టోపీ అడుగున, దెబ్బ తగిలితే భగ్గుమనే పూత వుంటుంది. దెబ్బకు మండే ఆ పదార్థాన్ని తుపాకికి మొదట అమర్చి 1807లో హక్కుపత్రం పొందినవాడు స్కాట్లండులోని ఒక మతాచార్యుడు, అలెగ్జాండర్ ఫోర్సిత్. అంతకు మునుపు చెకుముకిరాయి నిప్పుతో పేల్చేవారు. వాన పడితే ఆ నిప్పు రగలడం కష్టమయ్యేది. ఏడాదిలో సగం రోజులు తడిసివుండే కొడగువంటి చోట ఆ రాగి టోపీ ఎంతటి వరమో చెప్పనక్కరలేదు.

మనవరాలు ఇదంతా ముగించి తలెత్తేసరికి పెద్దాయన గడియారంనుండి చూపు తిప్పాడు. "మూడు నిమిషాలు," అన్నాడు.

"టెంకాయ ఎక్కడికీ పారిపోదుగా, తాతయ్యా?"

"పారిపోదు. పేల్చు."

తుపాకి దిమ్మను భుజానికి ఆనించి, గుర్రాన్ని పూర్తిగా లాగి, ఊపిరి బిగపట్టి మీట నొక్కింది. టోపీ చిటుక్కుమన్నది. వెంటనే పేలలేదు. కనురెప్ప వేసినంత జాప్యం. ఆ రెప్పపాటులోనే ఆమె భుజం కదిలింది. ఆ తరువాత పెద్ద మోత. తెల్లటి పొగ ఒక దుప్పటిలాగా ఎదుట పరుచుకున్నది. గంధకం వాసన. పొగ చెదిరేదాకా ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. చెదిరిన తరువాత టెంకాయ నిమ్మకు నీరెత్తినట్టు వేలాడుతూ కనిపించింది. దానికి జానెడు పక్కగా మట్టి చిమ్మి వున్నది.

"మీట నొక్కగానే పని అయిపోయిందనుకున్నావు," అన్నాడు మాష్టారు. "పాత తుపాకికి మాట చెప్పిన తరువాత అది విని కదిలేదాకా కనిపెట్టుకుని వుండాలి. మీ తాతతో మాట్లాడినట్టే."

పెద్దాయన నవ్వలేదు. "మళ్ళీ కూరు," అన్నాడు.

రెండవసారి ఒకటిన్నర నిమిషం పట్టింది. గుండు టెంకాయకు కింద, వెదురుబొంగు అంచు చెక్కుకుంటూ పోయింది. ఆమె తుపాకి దించి నీళ్ళు తాగబోయింది.

"ఆగవద్దు," అన్నాడు పెద్దాయన, కొంచెం కఠినంగానే. "రెండు దగ్గర ఆపకూడదు. మూడవది కూరు. లేదా అతనికి ఇవ్వు."

ఆ గొంతుకు ఆమె తెల్లబోయింది. మాష్టారు మాత్రం మారుమాట లేకుండా లేచి, తుపాకి తీసుకుని, యాభై ఏళ్ళ అలవాటున్న వేళ్ళతో చకచకా మందు కూరి పేల్చాడు. గుండు ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. టెంకాయకు తగలలేదు, గుట్టమీద మట్టి కూడా లేవలేదు. గొప్పలు చెప్పేవాణ్ణి తెలుగువారు తుపాకి రాముడంటారు. కొడగులో ఆ మాట లేకపోయినా ఆ మనిషి లేకపోలేదు. "గుండు టెంకాయలోనుండి దూరి వెళ్ళింది, మళ్ళీ పూడుకుపోయింది," అన్నాడు మాష్టారు. అప్పుడు అందరూ నవ్వారు. పెద్దాయన కూడా.

నాలుగవది ఆయనే పేల్చాడు. కుడికంటికి శుక్లాలు తీసి రెండేళ్ళయింది. గురి బొడిపె మసకగా కనిపిస్తుందని ఆయనే చెబుతాడు. అయినా ఆయన తుపాకి పట్టుకున్న తీరులో ఒక విశ్రాంతి వున్నది. ఎవరో చంటిపిల్లను అందిస్తే ఎత్తుకున్నట్టు అందుకున్నాడు. మీట నొక్కాడు; పేలింది; పొగ చెదిరిపోయేదాకా తుపాకి ఆయన భుజంమీద అలాగే వున్నది. టెంకాయ తొడిమ దగ్గరి పీచు ఎగిరింది. కాయకు ఏమీ కాలేదు.

"ఒకప్పుడు ఈయన పరుగెత్తే పందిని కొట్టేవాడు," అన్నాడు మాష్టారు.

"1972కి ముందు," అన్నాడు పెద్దాయన. ఆ ఏడు వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటికి ఆయన ఇరవై అయిదేళ్ళవాడు. వేట మానవలసివచ్చినందుకు మొదట రెండేళ్ళు కోపంగా వుండేదనీ, ఆ తరువాత ఒకనాడు తోటలో దుప్పి ఎదురుపడితే చేతిలో తుపాకి లేనందుకు తేలికగా అనిపించిందనీ ఆయన చెప్పాడు. "కొట్టవలసిన అవసరం లేకపోతే చూడటానికి తీరిక దొరుకుతుంది." అంతకుమించి ఆ విషయంలో ఆయన ఏమీ అనలేదు.

మనవరాలు మరి రెండు పేల్చింది. ఒక్కొక్కసారి కూరినప్పుడల్లా ఆయన గడియారం చూస్తూనే వున్నాడు. గుండు ఎక్కడ తగిలిందో ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చారు. పండుగనాటి వంటలే మళ్ళీ చేశారు. ఆవిరిమీద ఉడికించిన బియ్యపు ఉండలు, కడంబుట్టు. కాచంపులి పోసి నల్లగా వండిన పందిమాంసం. తిన్న తరువాత మాష్టారు పడకకుర్చీలో కునుకు తీశాడు. చూరునుండి నీటిచుక్కలు జారుతున్నాయి. మనవరాలు తాతయ్య పక్కన మెట్టుమీద కూర్చున్నది.

"రెండు దగ్గర ఎందుకు ఆపకూడదు?" అని అడిగింది.

ఆయన వెంటనే చెప్పలేదు. తమలపాకు ఈనె తీస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"ఇంట్లో మగపిల్లవాడు పుడితే ఒకసారి పేలుస్తాం. అది నీకు తెలుసు. మనిషి పోతే రెండు. ఒకదానివెంట ఒకటి. అది విన్నవాడు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి ఈ ఇంటికి రావాలి. పగవాడయినా రావాలి."

"తెలుసు."

"అయితే మనది ఒంటిగొట్టం తుపాకి."

అప్పటికీ ఆమెకు అర్థం కాలేదు. ఆయన చెప్పుకుపోయాడు. 1974 జూలైలో ఆయన తండ్రి పోయాడు. మూడు రోజులుగా కుండపోతగా వాన. కరెంటు లేదు, దారి లేదు, ఫోను అనే మాట ఆ పల్లెలో ఎవరూ ఎరుగరు. తెల్లవారుజామున తండ్రి కళ్ళు మూసి, ముంగిట్లోకి వచ్చి మొదటిది పేల్చాడు. రెండవదానికి మందు కూరుతుంటే చేతులు వణికాయి. కొలత ఒలికిపోయింది. మళ్ళీ పోశాడు. టోపీ కొట్టింది, మందు అంటుకోలేదు, చెమ్మ పట్టింది. గొట్టం ఖాళీ చేసి, తుడిచి, వంటింటిపొయ్యి దగ్గర ఆరబెట్టిన వేరే డబ్బాలోని మందు తెచ్చి, మళ్ళీ కూరి పేల్చేసరికి పావుగంట దాటింది.

"మా ఆవిడకు అప్పుడు నెలలు నిండివున్నాయి. మీ నాన్న కడుపులో వున్నాడు. కొండ అవతల మా మేనత్త ఇల్లు. వాళ్ళు మొదటిది విన్నారు. కొడుకు పుట్టాడనుకున్నారు. రెండవది వినేదాకా ఎవరు కాచుకుని వుంటారు? మేనత్త అంత వానలోనూ గొడుగు వేసుకుని బయలుదేరింది. బెల్లం, నెయ్యి మూట కట్టుకుని, దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. వాకిట్లో అడుగుపెట్టి నవ్వుతూ, బిడ్డ ఏడీ అని అడిగింది. లోపల ఆమె అన్నగారు పడుకుని వున్నాడు."

చూరు నీళ్ళ చప్పుడు తప్ప మరేమీ లేదు.

"ఆవిడ నన్నేమీ అనలేదు. పోయేదాకా అనలేదు. ఎనిమిది రోజులకు మీ నాన్న పుట్టాడు. ఆ ఒక్కటీ పేల్చడానికి నాకు చెయ్యి రాలేదు. అదుగో, ఆ నిద్రపోతున్నవాడే పేల్చాడు."

మనవరాలు బల్లమీది గడియారంవైపు చూసింది. పొద్దుటినుండి దాని ముల్లు ఎవరికోసం తిరుగుతున్నదో అప్పుడు ఆమెకు తెలిసింది. తండ్రి గల్ఫులో వుంటాడు. ఆయన రావడానికి ఎంత త్వరపడినా ఒక రోజు పడుతుంది. బెంగుళూరునుండి ఆమె అయిదారు గంటలలో రాగలదు. మాష్టారికి తాతయ్యకంటె ఒక ఏడు ఎక్కువ.

"ఇప్పుడు అందరికీ ఫోనులున్నాయిగా, తాతయ్యా," అన్నది చివరకు. తనకు తానే నచ్చచెప్పుకుంటున్నట్టు వున్నది ఆ గొంతు.

"ఉన్నాయి. ఎవరి నంబరు మన దగ్గర వుంటే వాళ్ళకే ఫోను చెబుతుంది. ఎవరిని పిలవాలో మనమే ఎంచుకుంటాం. తుపాకి ఎంచుకోదు. తోటలో కూలిపని చేసేవాడికీ చెబుతుంది, గట్టు తగాదాలో కోర్టుకు వెళ్ళినవాడికీ చెబుతుంది."

"మాష్టారిగారి తుపాకి కూడా తెచ్చుకుంటే సరిపోతుందిగా? రెండూ ముందే కూరి—"

"చావు వస్తుందని తుపాకి కూరి పెట్టుకుని కూర్చునే ఇల్లు ఎక్కడైనా వుంటుందా?" అన్నాడాయన. ఆ మాటకు ఇద్దరికీ నవ్వు వచ్చింది. కూరిన తుపాకిని ఇంట్లో వుంచకూడదన్నది ఆచారం కంటె ముందు బుద్ధి చెప్పే మాట.

"ఆ రోజు గుండు అక్కరలేదు," అని ఆయన మళ్ళీ అన్నాడు. "మందు, పీచు, టోపీ. అంతే. అయినా గుండుతో నేర్చుకున్న చేతికి గుండు లేకుండా సులువు. తొందరపడమని నేను చెప్పడంలేదు. తొందర వేరు, ఆలస్యం చేయకపోవడం వేరు. నేను ఆనాడు తొందరపడ్డాను. అందుకే ఆలస్యమయింది."

నాలుగు గంటలకు మళ్ళీ పనసచెట్టుకిందికి వెళ్ళారు. ఈసారి ఆమె గడియారాన్ని తనవైపు తిప్పుకోలేదుగాని, అది వున్నదని ఆమె చేతులకు తెలుసు. తుడవడం, కొలవడం, పోయడం, అదమడం. ఏదీ వదలకుండా, ఏదీ రెండుసార్లు చేయకుండా. ఒకనాటి సైనికులు కాగితపు పొట్లాలలో మందూ గుండూ సిద్ధంగా పెట్టుకుని నిమిషానికి మూడుసార్లు పేల్చేవారట. 1857లో సిపాయిలను పళ్ళతో చింపమన్నది ఆ పొట్లాలనే. వాటికి పూసిన కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాటతోనే మంట రాజుకున్నది. ఆమె దగ్గర పొట్లాలు లేవు. మొదటిది పేల్చి, రెండవది కూరి పేల్చేసరికి యాభై క్షణాలు గడిచాయి. రెండవ గుండు టెంకాయను ఒరుసుకుంటూ పోయి దానిని గిరగిరా తిప్పింది.

"యాభై," అన్నాడు పెద్దాయన. ఆ ఒక్క మాటలో ఎంతో సంతృప్తి వున్నది.

ఆమె వెంటనే మూడవది కూరింది. గుర్రాన్ని లాగింది, గురి చూసింది, మీట నొక్కింది. టోపీ చిటుక్కుమన్నది. పేలలేదు.

"కదలవద్దు," అన్నాడు మాష్టారు. "మూతి గుట్టవైపే వుంచు."

పేలని తుపాకిని నమ్మకూడదు. లోపల నిప్పు నెమ్మదిగా పాకుతూ, ఆలస్యంగా అంటుకునే అవకాశం వున్నది. కనీసం ఒక నిమిషంపాటు గురిమీదనుండి తిప్పకుండా పట్టుకుని వుండాలి. ఆమె అలాగే పట్టుకుని నిలబడ్డది. గాలి లేదు. తోటలో ఒక పిట్ట కూసి ఆగింది. కొండ అవతలికి రెండు మోతలు చేరి, మూడవది చేరకుండా ఒక నిమిషం గడిచింది. ఇంకొక నిమిషం గడిచింది. చేతులు పీకుతున్నాయి. పెద్దాయన ముఖంలో రంగు మారడం ఆమెకు ఓరగా కనిపిస్తున్నది.

అప్పుడు ఆయన జేబులోని ఫోను మోగింది.

ఆయన దానిని తీసి పేరు చూశాడుగాని ఎత్తలేదు. కొండ అవతలి ఇల్లు. ఆ మేనత్త మనవడు. చేతిలో ఫోను మోగుతూనే వున్నది. మాష్టారు మెల్లగా వచ్చి, మూతి గుట్టవైపునుండి కదలకుండా తుపాకిని ఆమె చేతులలోనుండి అందుకున్నాడు. ఆమె తాతయ్య దగ్గరనుండి ఫోను అందుకున్నది.

అటునుండి గొంతు చాలా జాగ్రత్తగా అడిగింది. "ఎవరు మాట్లాడుతున్నది?... ఇంట్లో అందరూ..." మాట అక్కడ ఆగిపోయింది.

"బాగానే వున్నాం, చిన్నాన్నా. తాతయ్య నా పక్కనే వున్నారు. నాకు తుపాకి నేర్పుతున్నారు. మూడవది పేలలేదు, అంతే."

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. తరువాత నవ్వు. తరువాత మందలింపు. తోటలో కత్తి పడేసి, చెప్పులు కూడా లేకుండా సగం దారి వచ్చేశానని చెప్పాడతను. వచ్చినవాణ్ణి వచ్చినట్టే వచ్చి కాఫీ తాగి పొమ్మని పెద్దాయన పక్కనుండి గట్టిగా కేకవేశాడు. ఆ కేక ఫోను లేకుండానే కొండ దాటేటట్టు వున్నది.

మాష్టారు సన్నటి సూదితో మొనలోని రంధ్రం పొడిచి శుభ్రం చేశాడు. కొత్త టోపీ తొడిగి తుపాకిని ఆమెకు ఇచ్చాడు. ఈసారి పేలింది. పొగ చెదిరిన తరువాత చూస్తే టెంకాయ అడుగున వేలెడంత రంధ్రం. అందులోనుండి నీళ్ళు సన్నగా, తీరికగా కారుతున్నాయి. ఆ సంగతి ముగ్గురిలోనూ ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు.

సాయంత్రం ముంగిట్లో తుపాకిని కడిగారు. నల్లమందు మసి గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఒక్క రాత్రి వదిలేస్తే గొట్టం తుప్పు పడుతుంది. అందుకని కాగిన నీళ్ళు మూతిలోనుండి పోసి, నల్లనీళ్ళు తెల్లబడేదాకా గుడ్డతో తోమి, ఆరిన తరువాత నూనె పట్టించాలి. ఆమె తోముతుంటే పెద్దాయన నీళ్ళు పోస్తున్నాడు. మెట్టుమీద కొండ అవతలినుండి వచ్చిన చుట్టం, మట్టికాళ్ళతో, కాఫీ గ్లాసు పట్టుకుని మాష్టారి గొప్పలు వింటున్నాడు.

"నువ్వు పుట్టిన రోజున ఒక్కటీ పేల్చలేదు," అన్నాడు పెద్దాయన ఉన్నట్టుండి, చెంబులోకి చూస్తూ. "ఆడపిల్లకు పేల్చే అలవాటు లేదన్నారు పెద్దలు. అప్పుడు ఇంట్లో పెద్దను నేనే. పేల్చమంటే ఎవరు కాదనేవారు? ఊరుకున్నాను."

మనవరాలు గుడ్డ పిండి మళ్ళీ గజానికి చుట్టింది. జమాఖర్చులు చూసే మనిషి కాబట్టి ఆమె కాసేపు మనసులో లెక్క వేసుకున్నట్టు వున్నది.

"ఇవాళ నేను ఏడు పేల్చాను, తాతయ్యా," అన్నది. "అందులో ఒకటి ఆ బాకీ కింద జమ కట్టుకుందాం. నీళ్ళు పోయండి, ఇంకా నల్లగానే వస్తున్నాయి."

ఆయన నీళ్ళు పోశాడు.